కన్నరోజు ఉపవాసం

ఉదయం ఎనిమిదింటికల్లా వెనింగ్ తెల్లకోటు తొడుక్కుంది. ఇంటి ముందు గదే ఆమె పళ్ల ఆసుపత్రి. జావాలోని క్లాతెన్ ఊళ్లో దాన్ని తెరిచి ఏడాది కూడా కాలేదు. ఇవాళ అమ్మ సుమిరాకు రూట్ కెనాల్ చెయ్యాలి.

"ఇదిగో అమ్మా, నొప్పిమాత్ర. నాలుగు ముద్దలు తిని వేసుకో. గంట ముందు పడితేనే సూదిమందు బాగా పనిచేస్తుంది. వాచిన పంటికి ఉత్త సూదితో మత్తెక్కదు."

"అలాగే తల్లీ," అంది సుమిరా. ఫోన్ చూసుకుంటున్న వెనింగ్ తలెత్తనే లేదు.

కుర్చీలో కూర్చోబెట్టాక మళ్లీ అడిగింది. "మాత్ర వేసుకున్నావుగా?"

"వేసుకున్నా."

రెండు సూదులిచ్చి, కాసేపాగి, డ్రిల్ ఆనించింది. సుమిరా ఎగిరిపడింది. మరో సూది ఇచ్చినా అంతే. పైగా నోట్లోకి నీళ్లు పడితే చాలు, చెయ్యి అడ్డం పెట్టి ప్రతి చుక్కా ఉమ్మేస్తోంది. ఈసారి గట్టిగా కేక పెట్టింది. తన వంతు కోసం బయట బల్ల మీద కూర్చున్న పొరుగావిడ మెల్లగా చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

వెనింగ్‌కి ఒళ్లు మండిపోయింది.

"చిన్నపిల్లలా ఏంటమ్మా ఈ గోల? కన్నతల్లికే మత్తివ్వడం రాదు, ఇదేం డాక్టరని ఊరంతా చెప్పుకోవాలా? నా పరువు తీయడానికే వచ్చావా?"

సుమిరా అరచేత్తో నోరు మూసుకుంది. కళ్లు మాత్రం ధారలు కట్టాయి. సహాయకురాలు తుతిక్ తల దించుకుంది. వెనింగ్ విసురుగా పంట్లో మందు పెట్టి మూసేసింది.

తుతిక్ వేడి టీ తెచ్చి, "చక్కెర ఎక్కువేశానమ్మా, ఒక్క గుక్క తాగండి," అంది. సుమిరా వద్దని తలూపి, కళ్లు తుడుచుకుందామని కొంగున ముడేసుకున్న రుమాలు విప్పింది. అందులోంచి మాత్ర జారి కిందపడింది.

"ఇదేంటి? అబద్ధమాడావా నాతో?"

"పొద్దుగూకి మగ్రిబ్ బాంగు వినిపించాక వేసుకుందామనుకున్నా. కోప్పడకు తల్లీ. ఇవాళ గురువారం, సంతవారంలో పోన్. నువ్వు పుట్టిన రోజు."

ఏడు రోజుల వారమూ, అయిదు రోజుల సంతవారమూ కలిసి, ముప్పై అయిదు రోజులకోసారి బిడ్డను కన్న రోజు మళ్లీ వచ్చినప్పుడల్లా తల్లి ఉపవాసముంటుంది. ఎవరికీ చెప్పదు. ఇవాళ తన రోజేనని వెనింగ్‌కి గుర్తే లేదు.

"ఇంకా ఎందుకమ్మా ఈ ఉపవాసాలు?" అడిగింది వెనింగ్.

"ఆసుపత్రి తెరిచావుగా. నీ చేతి కింద ఎవరికీ నొప్పి కలగకూడదని," అంది సుమిరా. "ఇంకెప్పుడూ అరవనులే. వెళ్లిపోయిందే ఆవిడ, నేనెళ్లి పిలుచుకురానా?"

వెనింగ్‌కి తల కొట్టేసినట్టయింది. తుతిక్ చూస్తుండగానే నేల మీద కూలబడి, అమ్మ పాదాలు పట్టుకుంది.

"నన్ను తిట్టమ్మా. ఒక్క మాటైనా తిట్టు."

సుమిరా తిట్టలేదు. వంగి ఆమె తల నిమిరింది.

బాంగు వినిపించాక వెనింగ్ మెత్తటి గంజి తనే తినిపించి, మాత్ర చేతిలో పెట్టి, మింగేదాకా పక్కనే నిలబడింది. గంట ఆగి సూది ఇచ్చింది. మెల్లగా డ్రిల్ ఆనించింది.

సుమిరా కదల్లేదు. కాసేపటికి తుతిక్ వంగి చూసి గుసగుసగా అంది.

"డాక్టరమ్మా, అమ్మ నిద్రపోయారు."

వెనింగ్ పని ఆపి, గోడవైపు తిరిగి ఏడ్చింది.