సువార్త మింగాల్సిన మాత్ర

"మొదటి మాత్ర మీ చెల్లెలికే. వేరే ఏజెంట్‌ని పంపనా?" అడిగాడు చీఫ్ దేముడుబాబు.

"అక్కర్లేదు సార్," అన్నాడు జకర్యా. చెల్లెలు సువార్త హెచ్ఐవి రిపోర్ట్ చదివిన రోజే అతని లోపల ఏదో మొద్దుబారింది. రెండేళ్ళయినా అలాగే ఉంది.

2005. సైనిక్‌పురిలో ఓ డాబా పైగది. కింద సాఫ్ట్‌వేర్ కంపెనీ క్యాబ్‌లు హారన్లు కొడుతున్నాయి. చీఫ్ బోర్డు మీద గుండ్రంగా గీశాడు.

"టీ కణం. ఒంటికి కాపలా. దీనికి సీడీ4, సీసీఆర్5 అని రెండు గొళ్ళేలు. వైరస్ రెండూ తీసి లోపలికి దూరి, ఈ కణంచేతే తన కాపీలు చేయిస్తుంది. తిరుమలగిరి క్లినిక్ మాత్ర రెండో గొళ్ళేన్ని బిగించేస్తుంది."

"ఎవరికి కంటగింపు?"

"ఓ విదేశీ ముఠాకి. మాత్ర మార్చి విషం పెడతారు. మొదటి పేషెంట్ పోతే ట్రయల్ మూత. అప్పుడు ఫార్ములా కారుచౌకగా వాళ్ళ చేతికి. లోపల మూడు నెలలుగా మన పూజిత ఉంది, సిస్టర్ ఫెయిత్ పేరుతో."

మర్నాడు పొద్దున ఫ్రిజ్ మెకానిక్ వేషంలో క్లినిక్‌కి వెళ్ళాడు జకర్యా. స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా.

"గ్యాస్ లీకైందా సిస్టర్?"

"లేదు, కంప్రెసర్ పోయింది." కోడ్ సరిపోయింది. తెల్ల యూనిఫాం చీరలో కూడా సినిమా తారలా ఉంది పూజిత. "అంతా క్లీన్. రోజూ ప్రేయర్‌లో నిలబడి అందరి మొహాలూ చదివాను."

తొమ్మిదింటికి వార్డులో డాక్టర్ ఎరిక్ "ప్రార్థన చేద్దాం" అన్నాడు. నర్సులు, ఆయా ఎల్లమ్మ, మంచం మీద సువార్త, అందరూ కొంగులు తలమీదికి లాక్కున్నారు. జకర్యా మాత్రం కళ్ళు మూయలేదు. ఉద్యోగం నేర్పిన అలవాటు.

పూజిత కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. తలమీద కొంగు లేదు.

నాలుగు రోజులు ప్రేయర్‌లో నిలబడితే చాలు, ఆడవాళ్ళకి కొంగు దానంతటదే తలమీదికి పోతుంది. ఈమె ఎప్పుడూ నిలబడలేదన్నమాట. అందరూ కళ్ళు మూసుకున్న ఆ పది నిమిషాలూ ఎక్కడుంది? మందుల గదిలో, మాత్ర మార్చే పనిలో.

"ఆమేన్."

పూజిత మాత్రని సువార్త చేతిలో పెట్టింది. అది పెదాల దాకా వెళ్ళింది. జకర్యా చెల్లెలి మణికట్టు పట్టుకున్నాడు.

"ముందు మీరు వేసుకోండి సిస్టర్."

"నాకేం జబ్బు?"

"ఏమీ కాదుగా. మింగండి."

ఆమె మొహం పాలిపోయింది. చెయ్యి నడుం దగ్గరికి పోయింది. స్క్రూడ్రైవర్ దెబ్బకి చిన్న పిస్టల్ మంచం కింద పడింది. ఆమె హ్యాండ్‌బ్యాగులో అసలు మాత్రలు సీలుతో సహా దొరికాయి. ఎరిక్ నంబర్లు సరిచూసి, ఒకటి విప్పి ఇచ్చాడు.

సువార్త నీళ్ళతో మింగింది. "గంత పరేషాన్ ఎందుకన్నా? నీ చేతులు జెర చూస్కో, వణుకుతున్నయ్."

చూసుకున్నాడు. నిజమే. రెండేళ్ళ తర్వాత మొదటిసారి భయం వేసింది. ప్రాణం లేచి వచ్చినట్టయింది.

ఎల్లమ్మ కొంగు దించుకుని అతని ముందుకొచ్చింది. "గదంత సరేగానీ, ఫ్రిజ్ సంగతేందయ్యా? పొద్దటిసంది ఐస్ గడ్తలేదు."