ఎడమ మడమ

నౌపడలో ఉప్పుమళ్లకి వెళ్లే వేళయింది. అప్పలసూరి చోడి అంబలి తాగి, తుండు భుజాన వేసుకున్నాడు గానీ గుమ్మం దాటలేదు. జేబులో ఉత్తరం ఉంది మరి. క్రీడల కోటాలో కూతురు శ్రావణికి సర్కారు ఉద్యోగం. ఈ సాయంత్రం ఐదులోగా విశాఖ వెళ్లి చేరాలి. లేదంటే పోయినట్టే.

ఆ ఉత్తరం ఊరికే రాలేదు. పదేళ్లపాటు పొద్దున్నే మడిగట్ల మీద పిల్లని పరిగెత్తించి, స్టాప్‌వాచ్ పట్టుకుని నిలబడ్డాడు. నాలుగొందల మీటర్లలో పతకాలొచ్చాయి. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ఫస్టు క్లాసూ వచ్చింది. మళ్లలో పనికి వచ్చే ఒడిశా ఆడవాళ్ల దగ్గర ఒడియా, చెన్నై శిక్షణ శిబిరంలో తమిళం, పోటీలకి తిరిగిన చోటల్లా హిందీ పట్టేసింది. అంతా బానే ఉంది. ఇంతలో ఎవరో ఒడియా సినిమాలో పరుగుల పిల్ల వేషం ఇచ్చారు. తంటా అక్కడే మొదలైంది. ఇప్పుడు తమిళంలో రెండో సినిమా.

"బస్సుకి టైమవతాది. రా," అన్నాడు.

"నేను చేరను నాన్నా. మధ్యాన్నం రైలుకి చెన్నై పోతాను. షూటింగుంది."

"వేషాలు నేడుంటాయి, రేపుండవు. అప్పుడేటి సేస్తావు?"

"పాఠాలు సెప్పుకుంటాను. పరిగెడతన్నప్పుడు నీ వాచీయే గుర్తొచ్చేది నాన్నా. నటిస్తన్నప్పుడు ఇంకేటీ గుర్తురాదు."

అప్పలసూరికి ఒళ్లు మండింది. "పదేళ్లు నీ కాళ్లే సూసుకుంటా బతికినాను. ఎళ్తే ఎళ్లు. మళ్లీ ఈ గడప తొక్కకు," అనేశాడు.

ఉప్పు లాగే పలక పట్టుకుని నిలబడిన జగ్గమ్మ, మొగుడికి ఏనాడూ ఎదురు చెప్పని మనిషి, నోరు విప్పింది. "ఓపాలి పిల్ల పని సూడు. తర్వాత తిడుదువు."

శ్రావణి ఫోను తండ్రి చేతిలో పెట్టింది. తమిళ సినిమాలో చిన్న ముక్క. అందులో ఆమె ఉప్పు కూలీ. పొడవాటి కర్రకున్న పలకతో ఉప్పు లాగుతూ వెనక్కి అడుగులేస్తోంది.

"మొహం కనబడాలి, ముందుకి నడవమన్నాడు డైరెక్టరు. ఉప్పు తొక్కుతామేటని నేనొప్పుకోలేదు," అంది శ్రావణి.

అప్పలసూరి తలూపబోయి ఆగాడు. అమ్మాయి ఎడమ మడమ నేలకి ఆనడం లేదు. బరువంతా వేళ్ల మీదే మోపుతోంది. అతని కోపం కాస్తా భయమైంది.

"కాలికేటైంది? దెబ్బ తగిలిందేటి?"

"నాకేటీ కాలేదు. అమ్మ అలాగే నడుస్తాది. సూసి నేర్సుకున్నాను."

అతను భార్య వైపు తిరిగాడు. జగ్గమ్మ పాదం చీర కుచ్చిళ్లలోకి లాక్కుంది.

"సూపించు," అన్నాడు.

మడమ నిలువునా పగిలింది. పగుళ్లని ఉప్పు తినేసి పచ్చిపుండయింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"పిల్ల ఎనిమిదో తరగతి నుంచి. నీకేటి సెప్పీది? నువ్వు గడియారం సూస్తన్నావు."

ఒకే మడిలో పక్కపక్కన పనిచేసిన ఇన్నేళ్లలో తను ఆ కాలు చూడలేదు. అప్పలసూరి తుండుతో మొహం తుడుచుకున్నాడు. ఆగి మళ్లీ తుడుచుకున్నాడు. ఏడుస్తున్నాడని ముగ్గురికీ తెలుసు.

భార్య చేతిలోని పలక తీసి గోడకి ఆనించాడు. జేబులోని ఉత్తరం కూతురికిచ్చాడు.

"ఇది నీది, నీ ఇష్టం. రైలెన్నింటికి?"

"పన్నెండున్నరకి."

"ముందు మీ అమ్మని డాక్టరుకి సూపిద్దాం. తర్వాత టేసనుకి నేనొస్తాను." ఫోను కూతురి ముందుకి చాపి, "ఆ ముక్క ఇంకోపాలి ఎయ్యి," అన్నాడు.

జగ్గమ్మ గడప మీద కూర్చుని ఎడమ కాలు ముందుకి చాపుకుంది. ఈసారి దాచుకోలేదు.