ఒక్క తిప్పుకే స్టార్టయిన వ్యాను

పారిపోవడం మాత్రం మీకు బాగా వచ్చు. చీకటి పడితే ఆ సందు చివరి ఇంటి ముందు నడవరు. దెయ్యం ఉందంటారు. మీలో ఒక్కరైనా ఆ గేటు తట్టి చూశారా? లేదు కదా. అయితే కబుర్లు కట్టిపెట్టి వినండి.

ఆ ఇంట్లో ఒక ముసలి డ్రైవరు, ఆయన భార్య ఉండేవారు. ఒక రాత్రి ఆవిడకి గుండెల్లో నొప్పి వచ్చింది. ఆయన ఆవిణ్ని తన పాత వ్యానులో కూర్చోబెట్టి తాళం తిప్పాడు. టక్... అంతే. ఇంజను తిరగలేదు. సాయం కోసం ఆయన వీధిలోకి పరిగెత్తి తిరిగొచ్చేలోపు ఆవిడ ఆ సీట్లోనే పోయింది.

పెద్దాయన కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడనుకున్నారంతా. ఇంట్లో దీపం వెలగలేదు. కానీ రాత్రయితే వ్యాను పెట్టే షెడ్డులోంచి చప్పుడు — టక్... కాసేపాగి, మళ్ళీ... టక్.

ఆస్పత్రికి తీసుకెళ్ళమని ఆవిడే అడుగుతోందన్నారు.

ఈ మాట విన్నప్పుడల్లా, సందు మొదట్లో బళ్ళు బాగుచేసే మెకానిక్కుకి అన్నం సయించేది కాదు. ఆవిడ పోవడానికి కొన్నాళ్ళ ముందే పెద్దాయన ఇతని దగ్గరే ఆ వ్యానుకి బ్యాటరీ కేబుళ్ళు, స్టార్టరు కేబులు మార్పించుకున్నాడు. ఇతను కొత్తవాటికి డబ్బు పుచ్చుకుని, పాతవాటికే కొత్త కొసలు బిగించి, పైన నల్ల టేపు చుట్టేశాడు. లోపల రాగి పచ్చబడి పుచ్చిపోయింది.

ఒకరోజు టీ కొట్టు దగ్గర ఎవరో అన్నారు. "ఆ వ్యాను పెద్దాయన కూతురు అమ్మేస్తోందట. కొనేవాళ్ళ మెకానిక్కు రేపొచ్చి చూస్తాడట."

టేపు విప్పితే చాలు. ఇతని బతుకు బజార్న పడుతుంది.

రాత్రి కొత్త కేబుళ్ళు సంచిలో వేసుకుని బయల్దేరాడు.

"ఈ వేళప్పుడు ఎక్కడికయ్యా?" అంది భార్య.

"ఎవరిదో బండి ఆగిపోయిందట."

"దారిలో దెయ్యం పట్టుకుంటే నా పేరు చెప్పు. అదే వదిలేస్తుంది."

అతను సంచి భుజాన వేసుకుని గడప దాటాడు.

గేటు తోస్తే తెరుచుకుంది. షెడ్డు నిండా చీకటి... టార్చి నోట కరుచుకుని బానెట్ ఎత్తాడు. ముందు నెగటివ్ కేబులు విప్పాడు, తర్వాత పాజిటివ్. టేపు చుట్టిన కేబులు వంచగానే రాగి చేతిలో పొడిపొడిగా రాలింది. స్టార్టరు దగ్గర కొత్తది బిగించాడు. బండి ఇనప చట్రం మీద తుప్పు గీకి ఎర్తు కేబులు బిగిస్తుంటే —

వ్యాను కాస్త ఊగింది.

స్పానరు ఆపి చెవి రిక్కించాడు. ఎత్తిన బానెట్ అడ్డం, అవతల ఏముందో కనిపించదు. కానీ లోపల... ఎవరో ఊపిరి తీస్తున్నారు.

పారిపోదామంటే పని సగంలో ఉంది. బ్యాటరీ మీద ఆఖరి నట్టు బిగించాడు.

లోపల తాళం తిరిగింది. ఒక్క తిప్పుకే ఇంజను అందుకుంది.

"అమ్మా... నన్ను వదిలెయ్యి తల్లీ," అని కూలబడ్డాడు.

"ఆవిడ కాదులే," అంది ఒక గొంతు.

పెద్దాయన. ఎక్కడికీ వెళ్ళలేదు. దీపం పెట్టుకోవడానికి మనసు రాక, వెనక గదిలో ఒక్కడే ఉంటున్నాడు. రాత్రిపూట వచ్చి, ఇప్పుడైనా తిరుగుతుందేమోనని తాళం తిప్పి చూసుకుంటున్నాడు.

"ఇంతేనా బాబూ?" అన్నాడు మెల్లగా. "ఆ రాత్రికి కావలసింది ఇంతేనా?"

మెకానిక్కు కింద పడ్డ పాత కేబుళ్ళు ఏరి సంచిలో కుక్కాడు.

"ఎక్కు. ఆవిడ సీట్లో కూర్చో."

ఖాళీ వీధుల్లోంచి వ్యాను ఎక్కడా ఆగకుండా పోయింది. ఆస్పత్రి గేటు ముందు పెద్దాయన ఇంజను కట్టేశాడు.

"చూశావా... వచ్చేశాం. నీ ఒంటి మీద చెమటైనా ఆరలేదు."

చేయి చాపి అతని వైపు తలుపు తీశాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ కేబుళ్ళ మోసం సంగతి ఆ తర్వాత ఎవరికీ చెప్పనూ లేదు.

ఏ బండి బాగుచేసినా చివరికి ఇంజను అందుకునే చప్పుడు వినాలి కదా. అది వినపడితే చాలు, మెకానిక్కు పనిముట్లు వదిలేసి బయటికి వచ్చేసేవాడు. నెల తిరక్కుండా తన రిపేరు షెడ్డు మూసేశాడు. ఇప్పుడు ఒక గోడౌన్లో బస్తాలు మోస్తున్నాడు. లారీ స్టార్టు చేసేముందు డ్రైవరు ఒక కేక వేస్తాడు. ఇతను బస్తా దించి, రెండు చెవులూ మూసుకుంటాడు.