గొంతుకాపరి

అయస్కాంతపు చుట్ట తుమ్మెదలా మోగుతోంది. దాని లోపల ఐదేళ్ల పోలేశ్వరి కదలకుండా పడుకుంది. అద్దానికి ఇవతల ఆమె నాయనమ్మ మసేనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని చూస్తోంది.

"గుంటని కాల్చేత్తన్నారా ఏటి, డాక్టరమ్మా?"

"పిల్లని కాదమ్మా, గడ్డని," అంది డాక్టర్ రెహానా. "కిడ్నీ మీద టోపీలా అడ్రినల్ గ్రంథి ఉంటుంది. ఎక్కడో ఏ ఒక్క బిడ్డకో దానిలో ట్యూమర్ లేస్తుంది. మీ మనవరాలి గడ్డ మగ హార్మోన్లు కుమ్మరిస్తోంది. ఆ గొంతూ, ఆ నూగుమీసం అందుకే. రక్తంలోకి ఎక్కించిన నానో పూసలు ట్యూమర్ కణాలనే పట్టుకుంటాయి. అయస్కాంతం వాటిని వేడెక్కిస్తుంది. గడ్డ మాడుతుంది, పిల్ల మిగులుతుంది."

"మరి గొంతు?"

"మెల్లగా సన్నబడుతుంది."

మసేనమ్మ మొహం తిప్పుకుంది.

ఆ గొంతు ఆమె మొగుడిది. విశాఖ హార్బర్‌లో ఇప్పుడు చేపల్ని కంప్యూటర్ తెరల మీద మూగగా అమ్ముతున్నారు. కొనేవాడు పెదవి విప్పడు, అమ్మేవాడు మొహం చూపడు. ఒకప్పుడక్కడ పోలయ్య వేలంపాట ఉండేది. వంజరం చేపల గంప ముందు నిలబడి "ఒకటోసారీ" అని లాగితే, బోట్లలో నిద్రపోయేవాళ్లు లేచి కూర్చునేవారు. అతను పోయాక పుట్టిన మనవరాలికి అతని పేరే పెట్టారు. మొగుడి పేరు నోట పలకని మసేనమ్మ, పిల్లని "ఓ గుంటా" అనే పిలిచేది. తాత తనని ఎలా పిలిచేవాడో మాత్రం కథలుగా చెప్పేది. పిల్ల గొంతు బొంగురుపోయింది, బరువెక్కింది. ఒకరోజు పిల్ల వాకిట్లోంచి "ఏటే మసేనూ" అంది. మసేనమ్మ చేతిలో గిన్నె జారిపోయింది.

తాత తిరిగొచ్చాడన్నారు. పేటంతా కదిలొచ్చి పిల్ల కాళ్లకి పసుపు రాసింది. మీసం మొలిస్తే మురిసిపోయింది. చదువుకున్న మహానుభావులూ వచ్చి దండం పెట్టి సెల్ఫీలు దిగారు గానీ, ఆడపిల్లకి మీసమేమిటని అడిగిన మొనగాడు ఒక్కడు లేడు. అడిగింది కోడలు చిన్నమ్మలు.

"నాకు నా కూతురు కావాలత్తా, మామ కాదు," అని పిల్లని చంకనేసుకుని ఆసుపత్రికి నడిచింది.

గడ్డ మాడింది. ఇంటి గోడకి అరచేతంత పెట్టె వచ్చింది. దాని పేరు గొంతుకాపరి. పిల్ల మాటలు వింటూనే ఉంటుంది. గొంతు మళ్లీ బరువెక్కితే రక్తపరీక్ష కంటే ముందే పసిగట్టి ఆసుపత్రికి కబురు పంపుతుంది. పచ్చదీపం వెలిగినంతకాలం భయం లేదు. వానలు మొదలయ్యేసరికి పోలేశ్వరిది పిచ్చుక గొంతైంది. మసేనమ్మ మాత్రం వాకిలి వైపు చెవి వేసుకునే కూర్చునేది.

ఒక మధ్యాహ్నం దీపం ఎర్రబడింది.

అంబులెన్సు వచ్చేలోపు చిన్నమ్మలు గోడకి తల బాదుకుంది. స్కానింగ్ అయ్యేదాకా మసేనమ్మ గంగమ్మ తల్లిని ఒక్కటే అడిగింది: ఆ గొంతు నాకొద్దు, ఇంకెన్నడూ వినిపించకు.

స్కాన్‌లో ఏమీ లేదు. రెహానా పిల్ల ముందు కూర్చుంది. "ఏం చేశావు తల్లీ?"

"మామ్మ తాత చొక్కా వాసన చూసి ఏడిసింది. నాను గొంతు లావు చేసి పిలిసాను."

చిన్నమ్మలు పిల్లని కొట్టబోయి వాటేసుకుంది.

"ఆ పిలుపొక్కటీ రోగం కాదని పెట్టెకి నేర్పలేవా, డాక్టరమ్మా?" అంది మసేనమ్మ.

"నేర్పగలను. కానీ రేపు గడ్డ నిజంగా తిరిగొస్తే ఆ గొంతుతోనే వస్తుంది. అప్పుడు పెట్టె కూడా మీలాగే మురిసి ఊరుకుంటుంది."

"నేర్పొద్దులే," అంది మసేనమ్మ.

ఇంటికొచ్చాక పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "తాత పాట పాడు. నీ గొంతుతోనే."

"ఒకటోసారీ!"

"ఇలగ అరిస్తే మీ తాతకి నెత్తళ్లలాటి చిన్న చేపలు కూడా అమ్ముడయ్యేవి కావు."

"రెండోసారీ!" పిల్ల ఆగి మామ్మ మొహంలోకి చూసింది.

మూడోసారి అన్నాక సరుకు చేయి మారినట్టే. ఆ తర్వాత పోలయ్య ఎవరు బతిమాలినా మాట వెనక్కి తీసుకునేవాడు కాదు. మసేనమ్మ గోడ మీది పచ్చదీపం వైపు తిరిగింది.

"మూడోసారి," అని తనే అనేసింది. తర్వాత కళ్లు తుడుచుకుని లేచింది. "రా, పోలేశ్వరీ. అన్నం తిందువు."

పొయ్యి దగ్గర చిన్నమ్మలు చేతిలో గరిటె ఆగిపోయింది.