తొమ్మిదో క్యాబిన్‌లో హాజరు

దోహా నుంచి అల్ ఖోర్ దాటి రాస్ లఫాన్ వైపు పోయే దారిలో ఒక లేబర్ క్యాంపు ఉంది. ఆ క్యాంపులో తొమ్మిదో నంబరు క్యాబిన్ పేరెత్తితే ఎంతటి మొనగాడైనా మాట మారుస్తాడు. మెస్సుకి దగ్గర దారి అదే. అయినా గురువారం పొద్దుగూకాక జనం పళ్లేలు పట్టుకుని లాండ్రీ చుట్టూ తిరిగి వెళ్తారు. కాపలా ఫుర్ఖాన్ అయితే దూరం నుంచే అటు ఒకసారి టార్చి కొట్టి, 'సబ్ ఠీక్' అని పుస్తకంలో రాసేసుకుంటాడు.

ఎందుకంటే — ఆ గదిలో ఏసీ ఆపి పేర్లు పిలిస్తే, కూర్చున్నవాళ్ల కంటే ఒక గొంతు ఎక్కువ పలుకుతుందట…

ఇది నాకు చెప్పినవాడు ఆ బెంచీల మీద కూర్చున్నవాడే. నమ్మడం మానడం మీ ఇష్టం.

ఆ గదిలో వారానికోసారి ఇంగ్లిషు క్లాసు జరుగుతుంది. పెట్టింది సుధాకరరావు గారు. అబూ హమూర్‌లో కాపురం, దోహాలో లైబ్రరీ ఉద్యోగం. నూట యాభై ఏళ్ల కిందటి ఓ ఇంగ్లిషు సీమ విశ్వవిద్యాలయం మీద పరిశోధన చేసిన మనిషి. అక్కడ వారం వారం ఉపన్యాసం, దానికి ముందు చర్చిలో ప్రార్థన, ఆ పైన ఎవరికి వారు రాసుకురావాల్సిన రాత — మూడూ తప్పనిసరట. ప్రార్థనకి వచ్చినవాడి పేరు పక్కన గుండుసూదితో చిల్లు పొడిచేవాళ్లట. సిరా గీతనైతే దిద్దొచ్చు, చిల్లుని ఎవడు పూడుస్తాడు? ఆ పద్ధతి పంతులుగారికి ఎంత నచ్చిందంటే, తీసుకొచ్చి క్యాంపులో పెట్టేశారు.

సరిగ్గా ఏడింటికి ఏసీ ఆపేవారు. రెండు నిమిషాలు అందరూ నిలబడి ఎవరి దేవుణ్ని వాళ్లు తలుచుకోవాలి. ఆ నిశ్శబ్దంలోనే పేర్లు పిలుస్తూ, తలెత్తకుండా చిల్లులు పొడిచేవారు. ఆ తర్వాతే ఏసీ, పాఠం. మూడు వారాలు చిల్లు పడకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. పరీక్ష పాసైతే హెల్పరు బతుకు పోయి సేఫ్టీ డ్యూటీ వస్తుంది. మరి పంతులు తలెత్తకపోతే పిల్లలు ఊరుకుంటారా? ఒకరి బదులు ఒకరు పలకడం మొదలైంది.

జలంధర్, రత్నాకర్‌లది జగిత్యాల దగ్గర ఒకటే ఊరు. క్యాంపులో కింది మంచం ఒకడిది, పై మంచం ఒకడిది. ఒక గురువారం — అప్పటికే రత్నాకర్ రెండు వారాలు ఎగ్గొట్టాడు — క్లాసుకి బయల్దేరుతుంటే సూపర్వైజర్ అడ్డం వచ్చాడు. "యల్లా, పాంచ్ మినిట్. నీళ్ల ట్యాంకు వాల్వు చూసి రా."

"నా పేరుకు జర పలుకురా," అన్నాడు రత్నాకర్. "గిట్ల పోయి గట్లొస్త."

జలంధర్ పలికాడు. ఆ రోజు పేర్లు పిలుస్తుండగా క్లాసంతా ఫక్కున నవ్వింది కూడా. రాత్రి పై మంచం ఖాళీగా ఉంటే, ఎక్కడో పేకాటలో కూర్చున్నాడనుకుని ఇటు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి ట్యాంకులో దొరికాడు. భూమిలోకి కట్టిన లోతైన ట్యాంకు, కాలు విరిగింది, ఎక్కడానికి పట్టు లేదు. అరిచినా, ట్యాంకు మూత దగ్గర జనరేటర్ మోత. నడిరాత్రి దాటేదాకా ప్రాణం ఉండి ఉంటుందన్నాడు డాక్టరు.

సూపర్వైజర్ తాను పంపనేలేదన్నాడు. ఏడింటికి క్లాసులో ఉన్నట్టు చిల్లు ఉంది కదా! కాబట్టి డ్యూటీలో పడలేదు, క్లాసయ్యాక తాగి ఎటో తిరుగుతూ పడ్డాడని కంపెనీ కాగితం రాసి, శవంతో పాటు ఊరికి పంపింది. అప్పటి నుంచే ఆ గదికి చెడ్డ పేరు. ముప్పైమంది క్లాసు పదకొండుకి దిగింది.

రత్నాకర్ తల్లి నర్సవ్వ ప్రతి శుక్రవారం జలంధర్‌కి ఫోన్ చేసేది. ఊరివాళ్లకి ఎడారి దేశాలన్నీ దుబాయే.

"దుబాయ్‌ల నీ కొడుకు తాగి సచ్చిండని ఊరంత అంటుండ్రు బిడ్డా… నువ్వు ఆని పక్కపొంటి ఉంటివి గద. తాగిండా?"

"…ఏమో అవ్వా."

ఏమో! కలిసి పెరిగినవాడు చెప్పాల్సిన మాటా అది? కానీ నిజం చెబితే దొంగ హాజరు పలికినందుకు మర్నాడే విమానం ఎక్కిస్తారు. భయం సగం, సిగ్గు సగం. రెండూ కలిసి జలంధర్ నాలుకని కట్టేశాయి.

మూడు నెలలు గడిచాక ఒక గురువారం. రాసుకురావాల్సిన రాత — ప్రమాదం జరిగితే రిపోర్టు ఎలా రాయాలి అని. "చూసింది రాయండి, విన్నది రాయండి. అనుకున్నది మాత్రం రాయకండి," అని ముందు వారమే చెప్పారు సుధాకరరావు. జలంధర్ పేజీ తెల్లగా ఉంది.

ఏడయింది. ఏసీ ఆగింది. పదకొండుమందీ లేచారు. ఎవరి ఊపిరి వాళ్లకి వినపడుతోంది…

సార్ పేర్లు మొదలుపెట్టారు.

"ముజఫ్ఫర్ అలీ."

"ప్రెజెంట్ సార్."

"నర్సింగ్."

"ప్రెజెంట్ సార్."

"రత్నా…"

కొట్టేసిన పేరే. పెన్సిల్ గీత ఆయన కళ్లద్దాలకి ఆనలేదు. సూది గాలిలో ఆగింది.

"ప్రెజెంట్… సార్…"

సన్నగా. తడిగా. కిటికీ వైపు నుంచి.

ఎవ్వరూ కదల్లేదు. పక్కన ఉన్న నర్సింగ్ జలంధర్ మోచెయ్యి పట్టుకుని, చెవిలో అన్నాడు.

"నువ్వే అన్నవ్‌రా. నీ పెదవులు కదిలినయ్. నేను జూసిన."

జలంధర్ మూతి తడుముకున్నాడు. అయి ఉండొచ్చు. అలవాటైన నోరు. హమ్మయ్య అని గదంతా ఊపిరి వదిలింది. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు కూడా.

ఆ నవ్వు విన్నాక అతనిలో ఏదో తెగిపోయింది.

"సార్… ఆనాడు సుత నేనే పలికిన. రత్నాకర్ క్లాసుకు రాలే. సూపర్వైజర్ ఆన్ని ట్యాంకు కాడికి తోలిండు."

సుధాకరరావు తిట్టలేదు. సంచిలోంచి పాత కాగితాలు తీశారు. ఆనాటి కాగితం వెతికి ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకున్నారు.

ప్రతి పేరు పక్కనా ఒక చుక్క వెలుగు. రత్నాకర్ పేరు పక్కన — రెండు.

"నాకు రెండుసార్లు వినపడింది," అన్నారు. "మీరంతా నవ్వారు. ఒక్కడికి రెండు హాజర్లా అని నేనూ నవ్వి… సరదాకి రెండోది కూడా పొడిచాను."

"ఆడే ఆలిశంగ అచ్చి, వెనుకనుంచి పలికిండనుకున్న సార్…" అన్నాడు జలంధర్. "అందుకే ఏడున్నడని నేను దేవులాడలే. ట్యాంకుల దొరికినంక, ఇంకెవడో నవ్వులాటకు పలికిండనుకున్న."

ఆ రెండో పలుకు వచ్చిన వైపుకి సార్ వెళ్లి కిటికీ తెరిచారు. గోడ పక్కనే, జానెడెత్తున, తల వంచుకుని ఒక ఇనుప గొట్టం. ట్యాంకు ఈ చివర గాలి పోవడానికి పెట్టింది. రోజూ చెప్పులు ఆరబెట్టుకునే గొట్టం. ఏసీ ఆపిన ఆ కాసేపే పైమాట కిందికి, కిందిమాట పైకి వినిపించేది. చీకట్లో, నీళ్లలో, విరిగిన కాలుతో ఉన్నవాడికి తన పేరు వినపడింది. పలికాడు. వీళ్లు చిల్లు పొడిచి, నవ్వి, ఏసీ వేసుకుని గంటసేపు పాఠం చదువుకున్నారు.

దెయ్యం ఆ గదిలోకి తర్వాత వచ్చిందో లేదో నాకు తెలియదు. ఆ రోజు పలికింది మాత్రం బతికున్న మనిషి.

"చూసింది, విన్నది రాయి జలంధర్," అన్నారు సార్. "నేనూ రాస్తాను. ఈ కాగితంతో కలిపి పంపుదాం."

"నన్ను ఇంటికి తోలేస్తరు సార్."

"తోలేయొచ్చు." ఆయన అబద్ధం చెప్పలేదు.

జలంధర్ రాశాడు. చివరి అక్షరం దాకా రాసి, అక్కడే కూర్చుని ఫోన్ తీశాడు. మొదటి రింగుకే ఎత్తింది నర్సవ్వ.

"తాగలే అవ్వా. డ్యూటీల పడ్డడు. నాకు ఎరికే. ఇన్నొద్దులు చెప్పలే, నా తప్పే."

అటునుంచి నర్సవ్వ అడిగింది.

"మరి గంతమంది ఉంటిరి గద బిడ్డా. నా కొడుకు ఒక్కపారన్న మిమ్ముల పిలువలేదా?"

కిటికీ ఇంకా తెరిచే ఉంది. జలంధర్ ఆ గొట్టం వైపే చూస్తున్నాడు.

"మేమే పిలిచినం అవ్వా," అన్నాడు. "ఆడు పలికిండు."