డీజిల్ బండి స్టార్ట్ కాలేదు

జనవరి 14, మంగళవారం. ఉదయం 7:05.

ఉత్తర డకోటాలో కట్‌బ్యాంక్ ఎత్తు అంటే ఎలాంటి బండికైనా చెమటలు పడతాయి. ఆ ఎత్తు సగంలో రోడ్డు పక్కన ఒక ట్రక్కు ఆగి ఉంది. వెనక ట్రైలరు, అందులో ఎనిమిది పెయ్యలు. ట్రైలరు వెనక్కి జారి, ట్రక్కును పక్కకి తిప్పి, దాని కుడివైపును మంచు గుట్టలోకి నెట్టేసింది.

ఇంజను నడుస్తూనే ఉంది. లోపల వెచ్చగా ఉంది.

డ్రైవరు సీట్లో ఓర్లిన్ బక్కెన్, 66. తల మీద టోపీ, బుగ్గలు ఎర్రగా. నిద్రపోతున్నట్టే ఉన్నాడు.

"నిద్రే అనుకున్నానండీ. తలుపు కొట్టాను. తిట్టాను కూడా," అన్నాడు అతన్ని మొదట చూసిన మంచు తోసే బండి డ్రైవరు. అన్నాక తిట్టినందుకు ఏడ్చాడు.

7:40కి పోలీసు ఇన్వెస్టిగేటర్ వెర్నా క్రూగర్ వచ్చింది. చలి మైనస్ ముప్పై ఒకటి. మంచు కురవడం సరిగ్గా ఆరింటికి ఆగిందని ఆ మంచు బండి డ్రైవరు చెప్పాడు. గాలి మాత్రం ఆగలేదు. పొడి మంచు రోడ్డు మీద పారుతూనే ఉంది. చక్రాల జాడ ఒక్కటీ మిగల్లేదు.

కుడివైపు మంచులో ఒక పార గుచ్చి ఉంది. సైలెన్సర్ గొట్టం చుట్టూ ఎవరో తవ్వారు. ఆ గుంటను గాలి మళ్లీ పూడ్చేసింది.

వెర్నాకు అర్థమైంది. ఓర్లిన్ దిగి గొట్టం దగ్గర తవ్వి, లోపలికి వచ్చి కూర్చున్నాడు. గాలి తన పని తాను చేసింది. పొగ వెళ్లే దారి లేక లోపలికి వచ్చింది. అతనిది పెట్రోలు బండి. ఆ ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ డీజిలు కంటే చాలా ఎక్కువ. వాసన ఉండదు, రంగు ఉండదు. కునుకు పట్టినట్టే ఉంటుంది.

ప్రమాదం. అంతే.

తిరిగి వెళ్తుంటే, ట్రక్కుకు నలభై అడుగులు ఎగువన, రోడ్డు అంచు స్తంభానికి నారింజ రంగు ఎక్స్‌టెన్షన్ వైరు ఒకటి చుట్టుకుని కనిపించింది. స్తంభం మీద మంచు అట్టకట్టి ఉంది. వైరు మీద రవ్వ కూడా లేదు.

ఆ ప్రాంతంలో చలికాలం రాత్రి, ఇంజను గడ్డకట్టి మొరాయించకుండా, ప్రతి బండికీ షెడ్డు నుంచి ఇలాంటి వైరు లాగి ఇంజను హీటరు ప్లగ్ పెడతారు. ప్లగ్ పీకడం మరిచిపోయి, వైరును తోకలా ఈడ్చుకుంటూ పోని మగాడు ఆ కౌంటీలో లేడు. ఆడవాళ్లూ తక్కువ తినలేదు. అలాంటి వైర్లు రోడ్డు మీద దొరుకుతూనే ఉంటాయి. ఎవరికి దొరికితే వాళ్లు ఇంటికి పట్టుకెళ్తారు.

వెర్నా కూడా పట్టుకెళ్లింది. వంగిన ప్లగ్ పిన్నును పటకారుతో సరిచేసి, ఆ రాత్రే తన బండికి పెట్టుకుంది.

కేసు అక్కడ ముగియాలి. ముగియలేదు. ఫోన్ రికార్డు వచ్చింది.

ఓర్లిన్ ఫోను నుంచి 5:24కి ఒక కాల్, రెండు నిమిషాలు. 5:58కి అదే నంబరుకి ఇంకోటి, ఎవరూ ఎత్తలేదు. నంబరు లైల్ టోఫ్టెది. ఓర్లిన్ చెల్లెలు ఆర్డిస్ భర్త. ఇల్లు ఆ ఎత్తుకు తొమ్మిది మైళ్లు.

ఈ బావలిద్దరి సంగతి ఊళ్లో తెలియనివాళ్లు లేరు. ఇరవై రెండేళ్లుగా రోజూ కాఫీ హోటల్లో ఒకే బల్ల, ఒకే తగువు. ఓర్లిన్‌ది పెట్రోలు. లైల్‌ది డీజిలు.

"నీ డీజిలు కొత్త అల్లుడు బావా. రాత్రంతా వెచ్చగా పెట్టి, పొద్దున్నే బతిమాలితే గానీ లేవదు," అనేవాడు ఓర్లిన్.

"నీది తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు. ట్రైలరు తగిలించి ఎత్తెక్కించు, నోట్లో నురగలే," అనేవాడు లైల్.

హోటలంతా నవ్వేది. ఎక్కువగా ఓర్లిన్ వైపే. లైల్‌కి మాట తొందరగా తోచదు.

*

బుధవారం, ఉదయం 10:15. లైల్ టోఫ్టె వాకిలి. లైల్ 61, భారీ మనిషి. కళ్లెత్తి చూడలేదు.

"5:24కి ఓర్లిన్ ఫోన్ చేశాడా?"

"చేశాడు."

"ఏమన్నాడు?"

"బండి జారింది, వచ్చి లాగమన్నాడు."

"వెళ్లలేదేం?"

"స్టార్ట్ కాలేదమ్మాయ్. రాత్రి ప్లగ్ పెట్టలేదు. మైనస్ ముప్పై ఒకటి, డీజిలు. నీకు చెప్పాలా?"

"ప్లగ్ ఎవరు పెడతారు?"

లైల్ చేతి తొడుగు తీసి మళ్లీ వేసుకున్నాడు.

"ఆర్డిస్."

"5:58కి ఎత్తలేదేం?"

"బయట బండితో కుస్తీ పడుతున్నా. ఫోను వంటింట్లో ఉంది."

"ఇంకెవరికీ చెప్పలేదా?"

"వాడి ఇంజను నడుస్తోంది. హీటరు ఉంది. వెచ్చగా కూర్చున్నాడనుకున్నా."

ఆ చివరి మాట నిజమేనని వెర్నాకు అనిపించింది. షెడ్డు గోడకు నారింజ వైరు వేలాడుతోంది. కొత్తది. ప్యాకెట్లోంచి తీసిన మడతలు ఇంకా విప్పుకోలేదు. వెర్నా దాన్ని చూసింది. చూసి ఊరుకుంది.

ఆ మధ్యాహ్నం మెకానిక్ కర్ట్ స్టేషనుకు వచ్చాడు. ఊళ్లో ఉన్నది అతనొక్కడే. రెండు చేతులూ ముందుకి చాపాడు.

"నన్ను లోపల వేసేయండి వెర్నా గారూ. ఆయన సైలెన్సర్ పైపుకి పగులుంది. పోయిన వారం చూశాను. 'వచ్చే వారం చేద్దాంలే సార్' అన్నాను. నా వల్లే పోయాడు."

"పగులు లేకపోయినా పోయేవాడు కర్ట్. గొట్టమే మూసుకుపోయింది. ల్యాబ్ వాళ్లు రాసిచ్చారు."

"రాతలు వాళ్లవి. నిద్ర నాకు కదండీ పట్టాలి," అన్నాడు కర్ట్. షాపు మూసేసి వచ్చానన్నాడు.

గురువారం ఉదయం 8:30కి ఆర్డిస్ వచ్చింది. 58 ఏళ్లు. వృద్ధుల ఆశ్రమంలో రాత్రి డ్యూటీ చేసి, ఆ బట్టలతోనే వచ్చింది. తల్లి పోయినప్పుడు ఆమెకు ఏడేళ్లు. జడలు వేసి బడికి పంపింది పెళ్లి చేసుకోని ఈ అన్నే.

"నేనే చంపాను వెర్నా."

"కూర్చో అక్కా."

"రాత్రి తొమ్మిదింపావుకి ప్లగ్ పెట్టి డ్యూటీకి వెళ్తాను. రోజూ అంతే. ఆ రోజూ పెట్టాననే అనుకున్నాను. లైల్ లేదంటున్నాడు. మరి లేదేమో. ఇరవై ఏళ్లు చేసిన పని, ఏ రోజు చేశానో ఏ రోజు చేయలేదో ఎలా గుర్తుంటుంది? అన్న ఫోన్ చేశాడు. పాపం, చేశాడు. నేను ఒక్క ప్లగ్ పెట్టి ఉంటే..."

"లైల్ నిన్నేమైనా అన్నాడా?"

"ఒక్క మాట అనలేదు. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంటున్నాడు. అది ఇంకా భరించలేకపోతున్నాను."

వెర్నా ఆమెను ఇంట్లో దింపి వచ్చింది. ఈ కేసులో అడక్కముందే అందరూ నేరం ఒప్పుకుంటున్నారు, ఒక్కడు తప్ప. ఆ సంగతి ఆమెకు అప్పుడు తోచలేదు. తోచనందుకు తర్వాత చాలా రోజులు తనను తాను తిట్టుకుంది.

*

శనివారం. అంత్యక్రియలు పదకొండింటికి. పన్నెండున్నరకి చర్చి కింది హాల్లో భోజనాలు. ఊరి ఆడవాళ్లందరూ ఇంటి నుంచి హాట్‌డిష్ గిన్నెలు తెచ్చారు. బంగాళాదుంపలు, మాంసం, పైన కరకరలాడే పొర. ఏడుస్తూనే తిన్నారు. అక్కడ అదే మర్యాద.

1:20. వెర్నా గిన్నెలు తుడవడానికి నిలబడింది. గిన్నెలు కలిసిపోకుండా ఎవరి గుర్తు వాళ్లు పెట్టుకుంటారు. ఒకరిది పేరు రాసిన పట్టీ, ఒకరిది దారం.

చేతిలో ఉన్న మూత తిప్పింది. అంచున నెయిల్ పాలిష్‌తో రెండు ఎర్ర గీతలు.

"ఇదెవరిది?"

"ఆర్డిస్‌ది. ఆవిడ గరిటెకీ అవే గీతలు, గొడ్డలికీ అవే," అంది పక్కనున్నావిడ.

వెర్నా చేతిలో తువ్వాలు ఆగిపోయింది. ఆ రెండు గీతలు తను ఆ రోజు పొద్దున్నే చూసింది, తన బండి ముందు, ఆ నారింజ వైరు ప్లగ్ పీకుతూ. నాలుగు రోజులుగా పొద్దున్నే చూస్తూనే ఉంది.

ఇంటికి వెళ్లి 1:50కి తిరిగి వచ్చింది. హాల్లో జనం పల్చబడ్డారు. మూల బల్ల దగ్గర ఆర్డిస్, లైల్, కర్ట్ కూర్చుని ఉన్నారు. వెర్నా వైరును బల్ల మీద పెట్టింది.

"అక్కా, ఇది నీదేనా?"

ఆర్డిస్ గీతల మీద వేలు పెట్టింది. "నాదే. మా షెడ్డుది. నీ దగ్గరకి ఎలా వచ్చింది?"

"కట్‌బ్యాంక్ ఎత్తు మీద, మీ అన్న బండికి నలభై అడుగులు ఎగువన దొరికింది. ఒకవైపు తొక్క అరిగిపోయింది. మైళ్ల కొద్దీ రోడ్డు మీద ఈడిస్తేనే అలా అరుగుతుంది. స్తంభం మీద మంచు ఉంది, దీని మీద లేదు. అంటే మంచు ఆగాక, ఆరు దాటాక అక్కడికి వచ్చింది. ఎవరో ప్లగ్ పీకకుండా బండి తీశారు. అక్కడ వెనక్కి తిప్పుకున్నారు. తిప్పేటప్పుడు ఇది స్తంభానికి చుట్టుకుని ఊడిపోయింది."

లైల్ వైరు వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు.

"లైల్ గారూ. ప్లగ్ పెట్టి ఉందా, లేదా?"

లైల్ ముందున్న కప్పు పక్కకి జరిపాడు.

"ఉందా, లేదా?"

"ఉంది."

"బండి స్టార్ట్ అయిందా?"

"అయింది."

"ఎన్నింటికి బయల్దేరారు?"

"ఆరూ ఇరవైకి."

"ఫోన్ వచ్చింది 5:24కి. దాదాపు గంట ఏం చేశారు?"

"కాఫీ తాగాను," అన్నాడు లైల్. అతని గొంతు ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టుంది. "ఫోన్లో ఏమన్నాడో తెలుసా? 'నీదే గెలిచింది బావా, నా బండి ఎక్కలేకపోయింది, వచ్చి లాగు' అన్నాడు. ఇరవై రెండేళ్లకి అన్నాడు. ఎవరూ వినలేదు, నేను తప్ప. కాసేపు కూర్చోనీ అనుకున్నాను. వాడి మాటే వాడికి అప్పజెప్పాను. 'నా కొత్త అల్లుడు లేవట్లేదు బావా, బతిమాలుతున్నా' అన్నాను. వాడు నవ్వాడు. పగలబడి నవ్వాడు."

"5:58కి?"

"పక్కనే ఉంది ఫోను. మోగుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంకో కప్పు తాగి వెళ్దామనుకున్నా. వెళ్లేసరికి పోయాడు. వాడి బుగ్గలు తట్టాను. బావా, బావా అని... అక్కడి నుంచి ఇంటికెలా వచ్చానో తెలియదు. వైరు లేదని ఇంటికొచ్చాక చూశాను."

"అదే రంగుది కొత్తది తగిలించారు."

"అవును."

కర్ట్ లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.

ఆర్డిస్ వైరు మీంచి వేలు తీసింది. తర్వాత అడిగింది. "నేను ప్లగ్ పెట్టానన్నమాట."

"పెట్టావు."

"మరి పెట్టలేదని ఎందుకన్నావు?"

"నీ మొహం ఎలా చూడాలో తెలియక ఏదో ఒకటి అన్నాను ఆర్డిస్. అది పెట్టేది నువ్వని, నోట్లోంచి వచ్చేశాక గుర్తొచ్చింది."

"ఆ తర్వాత నాలుగు రోజులున్నాయి."

లైల్ ఆమె చేతి కోసం చెయ్యి చాపాడు.

"ఆ నాలుగు రోజులూ నేను ఏడుస్తుంటే నా చెయ్యి పట్టుకున్నావు," అంది ఆర్డిస్. గొంతు పెంచలేదు. "అన్నని చంపుకున్నానని ఏడుస్తుంటే వీపు నిమిరావు. గంట ఆలస్యం చేశావు, సరే. అన్న బతికున్నా నవ్వి ఊరుకునేవాడు. ఇది అన్న కూడా క్షమించడు."

లైల్ రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "అరెస్టు చెయ్యి అమ్మాయ్."

"ఆలస్యంగా వెళ్లడానికి సెక్షను లేదు," అంది వెర్నా. "పోలీసుకి అబద్ధం చెప్పడానికి ఉంది. అదీ చిన్నదే. మీ బండిలో మీరే స్టేషనుకు వచ్చి రాసివ్వండి."

అతను కోటు తొడుక్కుని మెట్లెక్కాడు. ఎవరూ అతని వైపు చూడలేదు.

వెర్నా ఆర్డిస్ పక్కన కూర్చుంది. ఇంకో మాట మిగిలి ఉంది. అది చెప్పకపోతే తనకూ లైల్‌కీ తేడా లేదు.

"అక్కా, ఈ వైరు మంగళవారం పొద్దున్నే నా చేతికొచ్చింది. మంచి వైరు కదా అని ఇంటికి పట్టుకెళ్లి నా బండికి పెట్టుకున్నాను. ఆ రోజే తిప్పి చూసి ఉంటే నువ్వు ఇన్ని రోజులు..."

ఆర్డిస్ ఆమె వైపు చూసింది. వైరు చేతిలోకి తీసుకుని, అరచేతికీ మోచేతికీ మధ్య చుట్టడం మొదలుపెట్టింది. ఇరవై ఏళ్లుగా రోజూ చుట్టినట్టే.

"నువ్వైనా చెప్పావు," అంది.

చర్చి బయట చలి మైనస్ పద్దెనిమిది. లైల్ బండి మూడు గంటలుగా ప్లగ్ లేకుండా నిలబడి ఉంది. కిటికీ అవతల దాని తలుపు పడిన చప్పుడు వినిపించింది. ఆర్డిస్ చెయ్యి ఆగింది. కర్ట్ ఊపిరి బిగబట్టాడు.

మొదటి తిప్పుకే స్టార్ట్ అయింది.