తీపి రాని రోజు

పొద్దున్నే తీపిపట్టీలు చచ్చూరుకున్నాయి. ఒక్క పిల్లది కాదు, బడి మొత్తానివీను. రాత్రి గాలికి సముద్రపొడ్డున సిగ్నల్ స్తంభం కూలిందంట, రేపటి దాకా అంతేనంట.

సూరీడమ్మ టీచరు లోలోపల సంబరపడింది. పట్టీలొచ్చిన కాడినుంచీ ఆవిడ పనల్లా వాటిని తుడవడం, పిల్లల్ని వరసలో కూచోబెట్టడం. పిల్ల చేతికి పట్టీ, నాలిక కింద మినపగింజంత బిళ్ళ. సరిగ్గా చెబితే నాలిక మీద తేనెబొట్టు పడినట్టు తీపి. తప్పయితే చప్పన. అంతే, బెత్తం లేదు, తిట్టు లేదు. ఎక్కాలు ఇట్టే వచ్చేస్తున్నాయని ఊరంతా మురిసింది. గేటు కూడా దానికే తగిలించారు. ఎవరొచ్చారో పిల్ల చెప్పాలి, తీపి తగలాలి, అప్పుడు తెరుచుకుంటది. పిల్లల్ని ఎవరూ ఎత్తుకుపోకుండా.

"ఇవాళ పాఠం నేను చెబుతా," అంటూ కొంగు దోపింది టీచరు. "లోహితా, లెగు. మూడు నాలుగులు?"

"పన్నెండు," అంది ఏడేళ్ళ లోహిత టకీమని. నాలిక చప్పరించింది. మొహం ముడుచుకుంది. "పదమూడా?"

"ముందు చెప్పిందే రైటమ్మా."

"తీపి రాలేదు టీచర్."

"పట్టీ చచ్చిందే! రైటని నేను చెబుతున్నాగా?"

లోహిత మళ్ళీ చప్పరించింది. "పద్నాలుగా?"

"పదకొండే మొద్దూ," అని ఎనకాల బెంచీలో ఒకడు కిసుక్కున నవ్వి, వాడూ చప్పరించి, నవ్వు మింగేశాడు.

టీచరు చింతపిక్కలు పోసింది. లోహిత ఒక్కోటీ జరుపుతా శుభ్రంగా పన్నెండు దాకా లెక్కెట్టింది. ఎట్టి, తలెత్తి, "ఇయ్యి పన్నెండేనా?" అంది.

"నీ కళ్ళముందే కదే లెక్కెట్టావు!" టీచరు బల్ల మీద ఒక్కటి చరిచింది. చెయ్యి మండింది గానీ పిల్లల్లో చలనం లేదు. నోళ్ళు చప్పరిస్తా కూచున్నారు.

ఇంక విసుగెత్తి, టిఫిన్ డబ్బాలోంచి బెల్లంముక్క చిదిపి లోహిత నోట్లో పెట్టింది. "ఇప్పుడు చెప్పు."

"పన్నెండు!" పిల్ల మొహం ఎలిగిపోయింది. తరగతంతా నోళ్ళు తెరిచింది. తలో పలుకూ పెట్టేసరికి మధ్యాన్నానికి ఎక్కాలన్నీ అప్పజెప్పేశారు. తానే పట్టీ అయిపోయానని అప్పటికి తెలిసొచ్చింది టీచరుకి.

సాయంత్రం గేటుకాడికి లోహిత వాళ్ళమ్మ నీలవేణి వచ్చింది, రొయ్యల షెడ్డు నుంచి తిన్నగా. చేతులింకా ఐసుకి నానిపోయి ఉన్నాయి. టీచరు తాళంచెవితో గేటు తీసింది.

లోహిత కదల్లేదు. "అమ్మ," అంది. చప్పరించింది.

"రావే, వానొచ్చేలా ఉంది," అంది నీలవేణి.

"పిన్నా?"

"ఏంటే ఆ ఆటలు?" అని నవ్వబోయింది తల్లి. పిల్ల కళ్ళలో ఆట కనబళ్ళేదు. నవ్వు అక్కడే ఆగింది. టీచరు వంక చూసింది, ఆవిడ చేతిలో టిఫిన్ డబ్బా వంక చూసింది. బెల్లం సంగతి పిల్లలెవరో చెప్పేసుంటారు.

"టీచరుగారూ," అంది గొంతు తగ్గించి, "బెల్లం ఏవన్నా మిగిలిందాండీ? ఒక్క ముక్క పెట్టండి. నన్ను అమ్మంటది."

డబ్బాలో ముక్క ఉంది. సూరీడమ్మ చెయ్యి మూత మీదే ఉంది. మూత తీయలేకపోయింది, చెయ్యి తీయలేకపోయింది.

"అత్తా?" అంది లోహిత.